అంకమ్మ చేతులు

గుంటూరు శివారులో మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో అంకమ్మ రోజూ గోడవారనే కూర్చుంటుంది. చెమట పడితే భుజానికి తుడుచుకుంటుంది, దురద పెడితే మోచేత్తో రుద్దుకుంటుంది. చేతుల్ని మాత్రం ముఖం దాకా రానివ్వదు, పైట కొసను కూడా తాకనివ్వదు. ఇంటికెళ్లి ఆముదం రాసుకున్నా చేతుల్లో కారం మంట తెల్లవార్లూ ఉంటుంది. భర్త కౌలుకు వేసిన పత్తి రెండేళ్లుగా కలిసిరాలేదు. విశాఖలో ఎమ్మెస్సీ చదివే కూతురు లహరి హాస్టల్ ఖర్చంతా ఆ చేతుల మీదే నడుస్తోంది.

ఆదివారం లహరి బస్సు దిగి నేరుగా షెడ్డుకే వచ్చింది. “అమ్మా, నేను ట్యూషన్లు చెప్తున్నా. వచ్చే నెల నుంచి సగం పంపు, చాలు.” అంకమ్మ ముఖం గంటు పెట్టుకుంది. “నేను పెట్టలేనని ఎవరు చెప్పారే నీకు? నిన్ను చదువుకోడానికి పంపానా, సంపాదించడానికి పంపానా?” లహరి పక్కనే చతికిలబడి, కాయలు ముందుకు లాక్కుంది. “లెగవే! ఆ చేతులతో రేపు పెన్నెట్టా పట్టుకుంటావు?” “నువ్వు ఒప్పుకునేదాకా లెగను.” పది కాయలు తుంచిందో లేదో, ఘాటుకి లహరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అలవాటుగా చేత్తో తుడుచుకుంది. మరుక్షణం కెవ్వుమంది. అంకమ్మ ఒక్క ఉదుటున ముందుకొచ్చి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పైట కొసను పళ్లతో పట్టి కూతురి కళ్లకు అద్దింది. “సగమే పంపుతావుగా?” అంది లహరి, కళ్లు గట్టిగా మూసుకునే. అంకమ్మ నోట్లో పైట ఉంది. తల మాత్రం అడ్డంగా ఊపింది.