ఊరు కట్టిన రోజు

నేను పిరికిదాన్ని. ఈ మాటంటే నాతో పనిచేసినవాళ్ళు నవ్వుతారు. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒంటరిగా తిరిగి పురుళ్ళు పోసిన నర్సమ్మకు భయమేమిటని వాళ్ళ అనుమానం. నవ్వుకోనీ. బస్సెక్కే ప్రతి పొద్దూ నాకు అదే బెదురు. వాగు పొంగి ఉంటుందేమో, దారిలో బస్సు ఆగిపోతుందేమో, నేను చేరేసరికే ఆ ఇంటి ముందు జనం మూగి ఏడుస్తుంటారేమో అని దారంతా లెక్కలేసుకునేదాన్ని. అలాగని ఇంట్లో కూర్చోమంటే పిచ్చెక్కేది. ప్రయాణాల మీద ఇంత మోజున్న మనిషికి ఇంత భయం ఎందుకు పెట్టాడో ఆ దేవుణ్ణే అడగాలి.

ఆ మోజూ ఈ భయమూ నాకు ఒకే రోజు అంటుకున్నాయి. అది నలభై ఎనిమిది, నిజాం రాజ్యం కూలే రోజులు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మా నాయన వికారాబాద్‌లో ఒక ఆసుపత్రి తోటలో పనిచేసేవాడు. ఊళ్ళో రోజుకో వదంతి. ఫలానా ఊరు తగలబెట్టారట, ఫలానా బాటలో బండ్లు ఆపి మనుషుల్ని దింపేస్తున్నారట. పెద్దవాళ్ళు గుసగుసలాడుకోవడం, మేం కనబడగానే నోళ్ళు మూసుకోవడం. ఒక మధ్యాహ్నం అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తాండూరు రైలెక్కించింది. అక్కడ దిగి, బండి మాట్లాడుకుని, కన్నడం మాట్లాడే ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఇంటికి పోవాలి.

రైలు డబ్బాలో కిటికీలన్నీ మూసేశారు. ఉక్క, చెమట, ఎవరో ఆపుకోలేక దగ్గితే అందరూ అతని వైపు కోపంగా చూడటం. "నోరిప్పకు. ఎవలన్న అడిగితె మూగదాని లెక్క కూసో" అంది అమ్మ. నేను మాట్లాడలేదు గానీ, కిటికీ చెక్క సందుకు కన్ను ఆనించాను. చెట్లు వెనక్కి పోతున్నాయి. గట్లు పోతున్నాయి. నేను అంతదాకా చూడని ఊళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతున్నాయి. అమ్మ నా జుట్టు పట్టి వెనక్కి లాగింది.

తాండూరు దాటాక బండి జొన్నచేల మధ్య పోతుంటే గుర్రాల చప్పుడు వినబడింది. బండాయన ఎడ్లను చేలోకి దింపేసి మమ్మల్ని పడుకోమన్నాడు. అమ్మ అరచెయ్యి నా నోటి మీద. ఆ చప్పుడు దగ్గరికొచ్చి, మా పక్కనుంచే పోయింది. భయంతో నేను లంగా తడిపేసుకున్నాను. ఎవరు పోయారో, ఎటు పోయారో ఈనాటికీ తెలియదు. అమ్మ ఏదో ప్రార్థన చేసుకుంటోంది. బండి మళ్ళీ బాటకెక్కగానే నేను తడిలంగాతోనే తల బయటపెట్టి చూడటం మొదలుపెట్టాను. చెంప ఛెళ్ళుమంది. అయినా తల లోపలికి లాక్కోలేదు.

అప్పటినుంచి నేను ఒకచోట నిలిచింది లేదు. మోమిన్‌పేట్ సంతకు పోయే బండి కనబడితే చాలు, ఎక్కేసేదాన్ని. మా నాయన "దీని కాళ్ళల్ల చక్రాలున్నయ్, దీన్ని ఎవడు చేసుకుంటడో" అని నవ్వేవాడు. నర్సు చదువు అయ్యాక తోటివాళ్ళందరూ పెద్దాసుపత్రిలో వార్డు పని కావాలని దండాలు పెట్టుకుంటే, నేను పల్లెలు తిరిగే పని అడిగి మరీ తీసుకున్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అమ్మయితే తల పట్టుకుంది. "నీడపట్టున కూసోక ఊర్లు పట్టుకొని తిరుగుడేందే? ఒక్క ఆడిపిల్లవు. నాకు రాత్రిపూట కన్నంటుకోదు" అంది. ఒక పెళ్ళి సంబంధం కూడా ఈ తిరుగుళ్ళ వల్లే తప్పిపోయింది. పని మానేస్తేనే చేసుకుంటామన్నారు. పోతే పోయిందనుకున్నాను.

అరవైల్లో ఒక వానాకాలం. బంట్వారం అవతల ఒక చిన్న ఊళ్ళో తొలిచూలు పిల్ల ఒకతి ఉంది. ఇరవై కూడా నిండలేదు. కాళ్ళు వాచి ఉన్నాయి, ముందు నుంచీ నాకు ఆమె మీద బెంగే. నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే తెల్లవారే బయలుదేరి పోయాను. ఊళ్ళోకి పోయేసరికి ఊరి పెద్దమనిషి ఇంటి ముందు పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. పండగేమో అనుకున్నాను. కాదు. ఊరు కడుతున్నారు.

తెలియనివాళ్ళకు చెప్పాలి. ఊళ్ళో రోగాలు పట్టి పీడిస్తుంటే మా వైపు అలా చేసేవాళ్ళు. పోచమ్మకు మొక్కి, పసుపు కలిపిన అన్నం పొలిమేర చుట్టూ చల్లుతారు. దాన్ని పొలి అంటారు. ఊరి బాటకు అడ్డంగా వేపమండల తాడు కడతారు. అది కట్టాక మర్నాడు పొద్దు పొడిచేదాకా లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. ఎవరైనా దాటితే తరిమిన రోగం మళ్ళీ ఊరి మీద పడుతుందని, ముందు పసిపిల్లల్ని ఎత్తుకుపోతుందని నమ్మకం. ఆ ఏడు ఆ ఊళ్ళో పిల్లలు వాంతులూ విరేచనాలతో పోతున్నారు.

మధ్యాహ్నానికి ఊరు కట్టేశారు. ఆ తర్వాత కాసేపటికే బిడ్డ చెయ్యి ముందు బయటికొచ్చింది. చెయ్యి ముందొస్తే నా వల్ల కాదు. తాండూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి పడితే తల్లీ బిడ్డా దక్కుతారు, లేదంటే చీకటి పడేలోపు ఇద్దరూ పోతారు. ఆ మాటే బయటికొచ్చి చెప్పాను.

పెద్దమనిషి చేతులు జోడించాడు. "మొన్ననే నా మనుమడు పోయిండు నర్సమ్మా. ఇంక ఎవల పిల్లలు పోతరో తెల్వదు. ఒక్క పొద్దు ఆగు. రేపు పొద్దుగాల నేనే బండి కట్టిస్త" అన్నాడు. రేపు పొద్దున శవాన్ని తీసుకెళ్ళమంటావా అని అరుద్దామనుకున్నాను. ఆయన కళ్ళలోకి చూసి ఆగాను. వాటిలో మొండితనం లేదు. ఉన్నది నాకు బాగా తెలిసిన సరుకే, భయం.

ఆయన్ని దాటుకుని పోవచ్చు. కానీ లోపల ఆ పిల్లే ఒప్పుకోవడం లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా మంచం పట్టె కొరుకుతూ, "నేను దాట నర్సమ్మా. నా పానం పోయినా మంచిదే. ఊళ్లె ఏ పిల్లకన్న ఏమన్న అయితె ఆ ఉసురు నాకొద్దు" అంటోంది. ఎంత బతిమాలినా అదే మాట.

అప్పుడు ఆమె అత్త లేచింది. కూలి చేసి చేసి గట్టిపడ్డ మనిషి, ఆ ఊరి పొలిమేర దాటి పోయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. బయటికి వచ్చి పెద్దమనిషిని అడిగింది.

"గంపల పొలి ఇంకేమన్న మిగిలిందా?"

"ఉన్నది."

"గదియ్యి. నేను బండి ముంగట చల్లుకుంట పోత. నేను చల్లినకాడిదాక మన ఊరే. కోడలు ఊళ్లె ఉన్నట్టే లెక్క."

పెద్దమనిషి తనే గంప ఎత్తి ఆమె చంకకు అందించి, పొలిమేర దగ్గర వేపమండల తాడు కొస విప్పి పట్టుకున్నాడు. మేం పోయాక మళ్ళీ కట్టాడు.

అత్త కొడుకు, ఆ పిల్ల మొగుడు, బండి తోలాడు. అత్త ఎడ్ల ముందు నడుస్తూ పిడికెడు పిడికెడు అన్నం చల్లుతోంది. నేను బండిలో ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సన్నగా వాన. నేను ఎన్నో దారుల్లో భయపడ్డాను గానీ, అంత నెమ్మదిగా సాగే దారిలో అంత భయం ఎప్పుడూ పడలేదు. ఎడ్లను అదిలించడానికి లేదు, ముందు మనిషి ఉంది. ఆ పిల్ల కళ్ళు మూసుకునే అడుగుతోంది.

"అత్తా, ఇంక మన ఊరేనా?"

"మన ఊరేనే."

గట్టు దాటాం, కంది చేను దాటాం. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. గంపలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆమె పిడికిలి చిన్నదవుతోంది. అన్నం అయిపోయి ఈ పిల్ల దిగిపోతానంటే ఏం చెయ్యను?

వాగు దగ్గరికి వచ్చేసరికి గంప ఖాళీ. వాగు నడుంలోతు పారుతోంది, బండి దిగదు. అవతలి ఒడ్డున తాండూరు రోడ్డు కనబడుతోంది.

"అత్తా, ఇంక మన ఊరేనా?"

అత్త గంప పక్కన పెట్టి, చీర గోచి బిగించి, బండి దగ్గరికి వచ్చింది. కొడుకు తను ఎత్తుకుంటానన్నాడు. "నువ్వు దాటకు. ఇంటికి నువ్వు గావాలె" అని వాణ్ణి పక్కకు నెట్టి, కోడల్ని రెండు చేతుల మీద ఎత్తుకుంది. "కాలు కింద పెట్టకు బిడ్డా. దాటుడు నేను దాటుతున్న. నువ్వు గాదు. ఏమొచ్చినా నాకే రానీ" అంది. ఆ పిల్ల ఏడుస్తూ అత్త మెడ పట్టుకుంది.

నేను ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని పక్కన నడిచాను. నాకు ఈత రాదు. నీళ్ళు నడుముకు తగిలి తోస్తుంటే పోయామనే అనుకున్నాను. అత్త పెదవులు కదులుతున్నాయి. దేవతకు మొక్కుతోందో, క్షమించమంటోందో. అవతలి ఒడ్డెక్కాక ఆమె ముఖం చూశాను. వాగుకు భయపడ్డ ముఖం కాదది.

నాపరాళ్ళ లారీ ఒకటి ఆపాను. డ్రైవరు మా అవస్థ చూసి పక్క సీట్లో ఉన్నవాళ్ళను బండల మీదికి పంపేశాడు. తాండూరులో డాక్టరమ్మ ఉంది, అదే మా అదృష్టం. చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది కూడా. నేను వరండాలో కూలబడి ఏడ్చాను. అత్త మాత్రం మెట్ల కింద వానలోనే నిలబడి ఉంది. మనుమరాల్ని చూపిద్దామని పోతే వెనక్కి జరిగింది. "నాకు ముట్టియ్యకు బిడ్డా" అంది.

తల్లీ బిడ్డా తేరుకున్నాక తిరిగి ఊరికి బయలుదేరారు. అత్త వాగు ఒడ్డుదాకా వాళ్ళ వెనకే వచ్చి ఆగిపోయింది. "తరిమిన రోగం దాటినోళ్ళ ఎంబడే ఉంటదంట. నేను గీడ ఉంటె అది గీడనే ఉంటది. ఊళ్లె కాలు పెడితె నాతోనె వస్తది" అంది. కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు. పెద్దమనిషి స్వయంగా వచ్చాడు. రోగం తగ్గిపోయింది, అందరం మంచిగున్నం, ఇంటికి రమ్మని బతిమాలాడు. "మంచిగున్నరు గద. ఉండనీ" అంది. నేను పుస్తకాల్లో చదివిందంతా చెప్పాను. నేనూ దాటినదాన్నే కదా అన్నాను. ఓపికగా విని, "నువ్వు మా ఊరిదానివి గావు బిడ్డా" అని నా తల నిమిరింది. అంతే.

తాండూరు బస్టాండు వెనక ఒక గుడిసె వేసుకుని, నాపరాళ్ళ కొట్టంలో బండలు మోసింది. కోడలు బిడ్డనెత్తుకుని వస్తే దూరంనుంచి చూసేది. నా బస్సు వచ్చే వేళ ఆమెకు తెలుసు. కిటికీ దగ్గరికి వచ్చి ఒకటే మాట అడిగేది. "ఊళ్లె పిల్లలు మంచిగున్నరా బిడ్డా?" తన మనుమరాలి సంగతి విడిగా ఎన్నడూ అడగలేదు. మంచిగున్నారని చెబితే, పిల్లలకు పంచమని పుట్నాలూ బెల్లం పొట్లం నా చేతిలో పెట్టేది.

కొన్నేళ్ళు అలా గడిచాయి. మరో వానాకాలం ఆ ఊళ్ళో వాళ్ళ పక్కింటి పిల్లవాడు జ్వరంతో పోయాడు. నేను అక్కడే ఉన్నాను, నా చేతుల్లోనే పోయాడు. మర్నాడు తాండూరు బస్సెక్కాను. నా జీవితంలో మొదటిసారి బస్సు ఎక్కడైనా చెడిపోయి ఆగిపోతే బాగుండునని మొక్కుకున్నాను. బస్టాండు మలుపు తిరగ్గానే ఆమె కనబడింది. ముందే వచ్చి నిలబడి ఉంది.

"ఊళ్లె పిల్లలు మంచిగున్నరా బిడ్డా?"

బస్సులో ఆ ఊరివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. లేరు.

"అందరు మంచిగున్నరవ్వా" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. పొట్లం నా చేతిలో పెట్టి, "మరి నేను గీడ ఉండబట్టే గద" అంది. కొంగుతో మెడ మీది రాతిదుమ్ము తుడుచుకుని మళ్ళీ బండలు మోయడానికి పోయింది.