చౌరస్తాలో చెకింగ్ ఉంది

అప్పట్లో మా ఇల్లు నారాయణగూడ చౌరస్తా పక్కనే. శనివారం రాత్రి తాగి నడిపేవాళ్లను పోలీసులు ఆపుతుంటే బాల్కనీలోంచి చూసి, దోస్తుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఏదో పుణ్యం చేసినట్టు అందరూ దండం బొమ్మలు పంపేవాళ్లు.

2013లో ఒక శనివారం, "చౌరస్తాల చెకింగ్ ఉంది, దోమలగూడ గల్లీలకెల్లి పోండ్రి" అని పెట్టాను. హైదర్‌గూడలో తాగి కారులో అశోక్‌నగర్ పోతున్న మా దోస్తు ఒకడు ఆ గల్లీలోకి తిరిగాడు. అక్కడ పరుగెత్తుతున్న ఒక హాస్టల్ కుర్రాణ్ణి గుద్దాడు. పొద్దున నాకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"నీ మెసేజ్ లేకుంటే దొరికిపోతుంటి మామా. బచాయించినవ్."

"వాని కాలు ఇరిగింది కదరా!"

"రోడ్డు మీద ఉరుకుతుంటే నేనేం జేస్త? లైట్ తీస్కో."

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టి ఫోన్ పెట్టేసి, ఆసుపత్రికి నేనే వెళ్లాను. కాలికి కట్టుతో పడుకున్న ఆ కుర్రాడికి పది రోజుల్లో ఎస్సై ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉందట.

"రోజు ఆ గల్లీలనే ప్రాక్టీస్ జేస్తనన్నా. రాత్రి ఒక్క కారు గూడ రాదు. ఆ రోజే ఎందుకొచ్చిందో సమజైతలేదు" అన్నాడు.

ఎందుకొచ్చిందో నా ఫోన్‌లో టైముతో సహా ఉంది. బయటికొచ్చి గ్రూపు తెరిచాను. నా మెసేజ్ కింద ఏడు దండాలు.