అందరికీ మూడక్షరాలే

నేను హేతువాదిని, జాతకాలు, ముహూర్తాలు బూటకమని మదనపల్లె సభల్లో ఎందరితోనో వాదించి గెలిచినవాణ్ణి. పుంగనూరు సంతలో ఈతబుట్టలు అల్లి అమ్మే ఒక ఎరుకల అవ్వ దగ్గర మాత్రం నోరు మూసుకోవలసి వచ్చింది.

మా గ్రంథాలయం కోసం ఈ ప్రాంతపు ముసలివాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేస్తున్నాను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఏది ఏ భాషో గుర్తు వెయ్యాలి. ఎవరో అంతకుముందు ఎరుకల భాషను 'ఇతరములు' కింద పడేశారు. నాకు ఒళ్లు మండింది. తల్లి ఒళ్లో నేర్చుకున్న భాష ఇతరం ఎలా అవుతుంది? వెతికితే, ప్రపంచ భాషల పట్టికలో దానికి సొంత గుర్తే ఉంది. మూడు ఇంగ్లీషు అక్షరాలు: వై, ఇ, యు.

ఆ ఉత్సాహంలో కాగితం మీద రాసి అవ్వకు చూపించాను. "ఇదిగో అవ్వా, మీ భాషకు కోడు నంబరు."

బుట్ట అల్లుతున్న చేతులు ఆగిపోయాయి. "నంబరా? ఏమీ వద్దప్పా. ఆ ఫోను లోపల పెట్టుకో."

"భయపడాల్సిందేముంది? ఇది మీ మంచికే..." ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మంచికే అని మా తాతకీ చెప్పినారు. తెల్లదొరల కాలంలో దొంగజాతి అని రాసి, నంబరేసి, దినామూ స్టేషన్లో నిలబెట్టినారు. నువ్వు మళ్లా ఎందుకేస్తాండావు?"

మూఢనమ్మకం అనబోయి నాలుక కరుచుకున్నాను. రుజువు అడగడం నా అలవాటు. ఆమె దగ్గర అది మూడు తరాలది ఉంది.

బుట్ట మళ్లీ అందుకుంటూ అవ్వే అడిగింది. "నీ తెలుగుకీ ఉండాదా?"

"ఉంది. టి, ఇ, ఎల్."

"రాయి. దొరల మాటకి?"

"ఇ, ఎన్, జి."

"వాళ్లకింకో రెండు ఎక్కువ ఉండాలే, పెద్దోళ్లు గదా!"

"అందరికీ మూడే అవ్వా."

కాగితం మీదికి వంగి, మూడు వరుసలూ వేలితో తడిమి చూసింది. "అంటే మాకు నంబరేసిన ఆ పోలీసోళ్ల మాటకీ ఏసినారు నంబరు!" పకపకా నవ్వింది. పక్కన తమలపాకులు అమ్మే ఆమె కూడా నవ్వింది.

అవ్వ గొంతు తగ్గించింది. "కుప్పం హాస్టల్లో సదివే నా మనవరాలు మా మాట ఎత్తదప్పా. సిగ్గంట. దానికి వినపడతాదా ఇది?"

"ఫోనులో మా గ్రంథాలయం సైటు తెరిచి ఈ మూడక్షరాలు కొడితే చాలు, నీ గొంతు వస్తుంది."

"అట్లయితే నా పేరు రాయబాక. మా మాట పేరు రాయి."

ఫోను దగ్గరికి లాక్కుని, సంతంతా వినేటట్టు, ఎరుకల భాషలో మనవరాలిని పిలిచింది.