సెలవుల ముందురోజు మిమిక్రీ

కరోనా వచ్చిన మరుసటి ఏడాది పరీక్షలన్నీ వెనక్కి జరిగాయి. ఎండాకాలంలో ముగియవలసిన సెమిస్టరు ఆ ఏడు దసరా సెలవుల ముందు దాకా సాగింది. ఆఖరి పరీక్ష అయిన మర్నాడు కాలేజీలో బతుకమ్మ ఆడుకుందామనీ, అంతకు ముందు స్టాఫంతా తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తిందామనీ అనుకున్నాం. చాలా నెలలు ఒకరి ముఖం ఒకరం ఫోన్లోనే చూసుకున్నవాళ్లం. ఆ రోజు కోసం అందరం పిల్లల్లా ఎదురుచూశాం.

నేను కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మాది హుజూరాబాద్ దగ్గరి ఊరు. మిమిక్రీ బాగా చేస్తానని స్టాఫ్ రూములో నాకు పేరు. కళ్లద్దాలు తుడుచుకుంటూ ప్రిన్సిపాల్ సార్ మాట్లాడే తీరు, పుస్తకం తిరిగివ్వని పిల్లను చూసి లైబ్రేరియన్ దగ్గే దగ్గు, అన్నీ అచ్చం దించేస్తాను. ఈ విద్య నాకు హైదరాబాద్‌లో ఎం.ఏ. చదివేటప్పుడు అబ్బింది. నా ఊరి మాట విని హాస్టల్లో ఎవరైనా నవ్వుతారేమోనని మొదటి నెల దాదాపు నోరు విప్పలేదు. మిగతావాళ్లు మాట్లాడేది విని, మంచం మీద పడుకుని లోలోపల అనుకుని అనుకుని, చివరికి వాళ్లలాగే మాట్లాడడం నేర్చుకున్నాను. దాంతో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. ఎవరి గొంతైనా ఎత్తుకోగలనని కూడా అప్పుడే తెలిసింది.

మా కాలేజీకి జువాలజీ చెప్పడానికి ఒకామె కరోనాకు కొన్ని నెలల ముందు వచ్చింది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. ఆదిలాబాద్ అవతల, పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఊరు వాళ్లది. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. రెండూ కలిసిపోయి ఆమె మాట ఒక కొత్త తీరులో ఉండేది. తల్లిని ఆయి అనేది. ప్రతి మాట చివరా "బరా" అనేది. సరే అనడానికీ అదే, అర్థమైందా అని అడగడానికీ అదే.

చేరిన మొదటి వారంలో వానపాము పాఠం చెబుతూ "గీ వానపాముకు పండ్లు ఉండయి, బరా?" అని అడిగిందట. క్లాసు క్లాసంతా నవ్వింది. తర్వాతి రోజు నుంచి ఆమె ఏం అడిగినా వెనక బెంచీల నుంచి "బరా మేడం" అని జవాబు వచ్చేదట. ఇదంతా ఆమె ఒక సాయంత్రం వరండాలో నిలబెట్టి నాకు చెప్పింది. చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడడం నేర్పమని అడిగింది.

అప్పటి నుంచి ఆఖరి పీరియడ్ అయ్యాక ఇద్దరం జువాలజీ ల్యాబులో కూర్చునేవాళ్లం. ఆమె అక్కడున్న అస్థిపంజరం ముందు నిలబడి దాన్నే క్లాసు అనుకుని పాఠం చెప్పేది. నేను స్టూలు మీద కూర్చుని తప్పులు దిద్దేదాన్ని. మధ్యలో ఊరి మాట వచ్చేస్తే నాలుక కరుచుకుని, అస్థిపంజరానికే "సారీ" చెప్పేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. కాలేజీ మూతపడ్డాక ఫోన్లో సాగింది ఈ పాఠం. ఆమె నాకు చాలా దగ్గరైంది. నాకు జ్వరమొస్తే మాస్కు కట్టుకుని వచ్చి, గేటు దగ్గర జొన్న రొట్టెలు పెట్టి వెళ్లింది.

ఒక్కటే మాట తీసుకుంది నా దగ్గర.

"ఎవ్వరికి చెప్పకక్కా. మాట్లాడుడు నేర్చుకుంటుందంటె నవ్వుతరు."

"నేనెందుకు చెప్తనే," అన్నాను.

బతుకమ్మ రోజు పొద్దున్నే పిల్లలు తంగేడు, గునుగు, బంతిపూలు తెచ్చి సెమినార్ హాల్లో పేర్చడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో బల్లలన్నీ ఒకచోటికి జరిపి భోజనాలకు కూర్చున్నాం. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద, ఇంగ్లిష్ మేడం తెచ్చిన బగారా అన్నం. నా దోస్తు జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయలు పల్లీలు కలిపి దంచిన ఠేచా తెచ్చింది. అందరికంటే ముందు ఆమె గిన్నే ఖాళీ అయింది. ఎట్లా చేస్తారని ఇద్దరు ముగ్గురు అడిగితే సంతోషంగా, నేను నేర్పిన భాషలో, ఒక్కో మాటా చూసుకుని చెప్పింది.

తిన్నాక నన్ను లేపారు. ప్రిన్సిపాల్ సార్‌ను ఆయన ముందే చేశాను. ఆయన కూడా పడీ పడీ నవ్వారు. లైబ్రేరియన్‌ను చేశాను. ఇంకొకటి, ఇంకొకటి అన్నారు. అన్ని నెలల తర్వాత అంతమంది ఎదురుగా కూర్చుని నవ్వుతుంటే ఆ నవ్వు ఆగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఎవరిది చేయమంటారని నేనే అడిగాను. కామర్స్ సార్ ఆమె వైపు చూపించి, మీ దోస్తుది చేయండి మేడం అన్నారు.

ఆమె నవ్వుతూ చెయ్యి ఊపింది. "నాదేముందక్కా," అంది.

అక్కడ ఆగవచ్చు. లేకపోతే ఆమె నడకో, చున్నీ సర్దుకునే తీరో చేసి కూర్చోవచ్చు. అవి కూడా ఉన్నాయి నా దగ్గర. కానీ వాటికి కొంచెమే నవ్వుతారని నాకు తెలుసు. ఎక్కువ నవ్వు ఎక్కడుందో కూడా తెలుసు.

మూలనున్న స్టాండు ఫ్యానును లాక్కొచ్చి గది మధ్యలో పెట్టాను. అదే అస్థిపంజరం. దాని ముందు నిలబడి, ఆమె గొంతుతో, "పిల్లలూ, ఈ రోజు మనం వానపాము జీర్ణవ్యవస్థ గురించి తెలుసుకుందాం" అన్నాను. రెండు వాక్యాలు పుస్తకంలా నడిపాను. మూడోదాంట్లో ఊరి మాట జారనిచ్చి, నాలుక కరుచుకుని, ఫ్యానుకు సారీ చెప్పాను. గది ఊగిపోయింది. ఫోన్ మోగినట్టు నటించి, ఆయితో రెండు మాటలు మరాఠీ కలిపి మాట్లాడి, "బరా, బరా" అని పెట్టేసి, మళ్లీ ఫ్యాను వైపు తిరిగి కష్టపడి పుస్తకం భాష మొదలుపెట్టాను. ఇంగ్లిష్ మేడం కళ్లు తుడుచుకుంటున్నారు. మమ్మల్ని బతుకమ్మకు పిలవడానికి వచ్చిన ఫైనలియర్ పిల్లలు ఇద్దరు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్లు ఎప్పటి నుంచి నిలబడ్డారో నేను గమనించలేదు.

ఆమె కూడా నవ్వింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, అందరికంటే ఎక్కువ నవ్వింది. అది చూసి, ఏం కాలేదులే అనుకున్నాను.

నిజంగానే అట్లా నేర్చుకుంటున్నారా మేడం అని కామర్స్ సార్ అడిగారు. "అవునండీ," అంది. ఖాళీ గిన్నె కడిగి వస్తానని లేచి వెళ్లింది.

బతుకమ్మ గ్రౌండులో పెట్టారు. లెక్చరర్లం, పిల్లలం కలిసి ఒకటే వలయం కట్టాం. నేను ఆమెకు ఇద్దరు మనుషుల వెనక ఉన్నాను. నాలుగైదు చరణాలయ్యాక అటు వైపు నుంచి ఒక పిల్ల గొంతు వినబడింది. చరణం చివర ఉయ్యాలో అనవలసిన చోట "బరా" అంది. ఒక నవ్వు పుట్టింది. తర్వాతి చరణానికి పదిమంది అన్నారు. ఆ తర్వాత వలయంలో సగం మంది అన్నారు. పాట ఆగలేదు, చప్పట్లు ఆగలేదు. ఆమె వీపు నాకు కనబడుతోంది. వంగుతోంది, లేస్తోంది, తాళం తప్పకుండా చప్పట్లు కొడుతోంది.

నేను వాళ్లను గద్దించలేదు. లెక్చరర్‌ను, ఒక్క మాటంటే ఆగేవాళ్లు. అప్పుడు కూడా నా పెదవుల మీద నవ్వు ఉంది. ఆ నవ్వును తీసేయడం ఎట్లాగో తోచలేదు.

సాయంత్రం ఆమె గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంది. నేను స్కూటీ తీసి, ఆమె ముందు నుంచి కాకుండా వెనక గేటు నుంచి వెళ్లిపోయాను. ఇంటికి వెళ్లాక మెసేజ్ రాద్దామని కూర్చున్నాను. తెలుగు చెప్పి బతుకుతున్న మనిషిని, నాలుగు వాక్యాలు కుదరలేదు. మర్నాడు పొద్దున, ఆమె ఆదిలాబాద్ బస్సెక్కి ఉంటుందనుకుని ఊరుకున్నాను. దసరా రోజు అందరికీ పంపిన శుభాకాంక్షల బొమ్మే ఆమెకూ పంపాను. "మీకు కూడా మేడం" అని జవాబొచ్చింది. అంతకు ముందు ఆమె నన్ను మేడం అని ఎప్పుడూ అనలేదు.

సెలవుల తర్వాత ఆమె ల్యాబుకు రమ్మని పిలవలేదు. పాఠమంతా ముందే నోట్‌బుక్‌లో రాసుకొచ్చి, చూసి చదివేది. ఊరి మాట ఒక్కటి కూడా జారేది కాదు. ఎదురుపడితే బాగున్నారా అనేది. ఒకరోజు ప్రిన్సిపాల్ సార్ నన్ను పిలిచి, జువాలజీ మేడం భాష చాలా బాగుపడింది, మీ పుణ్యమే అన్నారు. నేను థాంక్యూ సార్ అన్నాను. ఇప్పటికీ ఆ థాంక్యూ తలుచుకుంటే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తల దించుకుంటాను.

ఆ మరుసటి ఏడు ఆమెకు ఆదిలాబాద్ వైపు ఒక గురుకుల కాలేజీలో ఉద్యోగం వచ్చింది. వీడ్కోలు సభలో నేనే మాట్లాడాను. మంచి తెలుగులో, మంచి మాటలు చెప్పాను. చెప్పవలసింది చెప్పలేదు.

పోయిన డిసెంబరులో తెలుగు లెక్చరర్ల శిక్షణ కోసం రెండు రోజులు ఆదిలాబాద్ వెళ్లాను. రెండో రోజు ధైర్యం చేసి ఫోన్ చేస్తే, రండి అంది. వెళ్లేసరికి వాళ్లకు ఆ రోజే సెమిస్టరు ఆఖరి పరీక్ష అయింది. మర్నాడు పిల్లలు ఇళ్లకు వెళతారట. హాస్టల్ ముందు ఎండలో చలి కాచుకుంటూ అందరూ కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నారు. ఆమె పిల్లల మధ్యలో నిలబడి, సెలవుల్లో ఏం చదవాలో చెబుతోంది. అంతా ఆమె ఊరి మాటలోనే. పిల్లలు కూడా ఆ మాటలోనే జవాబిస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

నన్ను పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టి టీ తెప్పించింది. వాళ్ల ఆయి ఆరోగ్యం, నా కొడుకు చదువు మాట్లాడుకున్నాం. టీ అయిపోయింది. అప్పుడన్నాను.

"గా దినం నేను చేసింది తప్పు. ఎన్నడో చెప్పాల్సింది నీకు. సిగ్గుకు చెప్పలే."

ఆమె ఖాళీ గ్లాసులు రెండూ పక్కకు పెట్టింది.

"కోపమచ్చింది, అబద్ధమెందుకు చెప్త. కని గది తగ్గిందక్కా. గా దినం నేను సుత నవ్విన, గది మాత్రం పోతలేదు. గట్ల మాట్లాడేది నేనొక్కదాన్నేనా? మా ఆయి గట్లనే మాట్లాడుతది. ఆమె మాట మీద మీరందరు నవ్వుతుంటె, మీతోని కలిసి నేను నవ్విన. తెల్లారి ఇంటికి పోతె ఆయి తలుపు తీసి మంచిగున్నవా అని అడిగింది. జవాబు చెప్పేటందుకు నాకు నోరు రాలే."

నన్ను క్షమించావా అని అడగాలనుకుని వచ్చాను. అది విన్నాక, అలా అడగడం కూడా నా బరువు దించుకోవడానికే కదా అనిపించి మానేశాను. చాలాసేపటికి, మళ్లీ అక్కా అని పిలిచిందన్న సంతోషం ఒక్కటి లోపల మెదిలింది. దానికి కూడా సిగ్గుపడ్డాను. ఆమె బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించి వెళ్లింది.

వారం తర్వాత మా కాలేజీలో కూడా సెమిస్టరు ముగిసింది. ఎప్పటిలాగే భోజనాలు పెట్టుకున్నాం. తిన్నాక మిమిక్రీ చేయమని అడిగారు. గొంతు బాగాలేదన్నాను. కారణం అది కాదని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. ఆనాడు నవ్వినవాళ్లలో సగం మంది ఆ బల్ల చుట్టూనే కూర్చుని ఉన్నారు. చెప్పి ఉంటే వాళ్లకు కూడా ఆమె, ఆ రోజు తాము నవ్విన నవ్వు గుర్తొచ్చేవి. కానీ నేను చెప్పకుండా నీళ్ల గ్లాసు అందుకుని తాగాను. పక్కవాళ్లు ఎవరో ఫోన్లో పాట పెట్టారు, మాట అటు మళ్లింది.