కౌలు రైతులే లేని ఊరికి వెళ్లొచ్చాను

పబ్లిక్ పాలసీ ఫెలోషిప్‌లో చేరిన దగ్గర్నుంచి జూనియర్లు నన్ను ఒకటే అడుగుతున్నారు, "ఫీల్డ్ విజిట్ అంటే ఏం చేస్తారక్కా? తిరిగి రావడమేనా?" అని. మొన్నటిదాకా నేనూ తిరిగి రావడమే అనుకున్నాను. ప్రభుత్వ విధానాలు మారాలని వాదించే పని నేర్చుకోవాలనుకునే కొత్తవాళ్లకి ఏడాదిపాటు స్టైపెండు ఇచ్చి, అనుభవం ఉన్న ఒక పెద్దమనిషిని మెంటర్‌గా పెట్టే ఫెలోషిప్ మాది. నా మెంటర్ సాంబశివరావు గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ప్రతి శనివారం విజయవాడ భవానీపురంలో వాళ్లింటి వరండాలో కూర్చుని నా రాతలు దిద్దించుకుంటాను. ఒక్క మాట గాలికి రాసినా ఊరుకోరు. "ఎవరు చెప్పారమ్మా? నువ్వు చూశావా?" అంటారు. అలా అడిగే మనిషి నాకు కాలేజీలో ఒక్కరూ తగల్లేదు, అందుకే ఆయన నాకు దేవుడే.

ఈసారి నా నోటు, అంటే ప్రభుత్వానికి పంపే చిన్న నివేదిక, కౌలు రైతుల కార్డుల మీద. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వేరేవాళ్ల పొలం కౌలుకి చేసే రైతుకి ప్రభుత్వం ఒక కార్డు ఇస్తుంది. అది ఉంటేనే బ్యాంకు పంట రుణం ఇస్తుంది, పంట పోతే పరిహారం అతని పేరున వస్తుంది. కాకపోతే, నేను వెళ్లే నాటికి, పొలం ఓనరు సంతకం పెడితేనే కార్డు. కార్డు పదకొండు నెలలకే, దానివల్ల ఓనరు హక్కు ఇసుమంతైనా పోదు. "ఆ సంగతి తెలియకే ఓనర్లు భయపడుతున్నారు" అని సాంబశివరావు గారే నా చేత రాయించారు. సరిగా రాలేదని మూడుసార్లు తిరగరాయించారు కూడా. అంతా అయ్యాక "నువ్వు చూశావా?" అన్నారు. చూడలేదు. అవనిగడ్డ అవతల మూడు ఊళ్ల పేర్లు కాగితం మీద రాసిచ్చి, వెళ్లి రమ్మన్నారు.

కాలువలకి నీళ్లు వదిలిన వారం. పొద్దున్న ఆరుంబావుకి పెద్ద బస్టాండులో అవనిగడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్టు డబ్బుల్లేవు, మగవాళ్లకి వంద రూపాయల దాకా అవుతుంది. ఎడమవైపు సీట్లలో ఎండ మొహం మీదే కొడుతుంది కాబట్టి కుడివైపు కూర్చోండి. ఉయ్యూరు దాటాక రెండు పక్కలా చెరకు, తర్వాత నారుమళ్లు. పామర్రులో బస్సు పది నిమిషాలు ఆగింది. దిగి, బస్టాండు పక్కన బండి మీద నాలుగు ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు. అల్లం చట్నీ మాత్రం అద్భుతం. చేతిలో ఫైలు చూసి బండావిడ ఏ పని మీద అని అడిగితే చెప్పాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి నవ్వింది. "ఓనర్లంతా బెజవాడలోనే ఉన్నారు గదమ్మా. అక్కడ అడగడం మానేసి ఇంత దూరం వచ్చావా?"

నాకు కాస్త ఒళ్లు మండింది. విషయం తెలియని మనిషి అనుకుని బస్సెక్కేశాను.

ఎనిమిదిన్నరకి చల్లపల్లి. బస్సు అవనిగడ్డ వెళ్తుంది, నేనూ వెళ్లాలి. కానీ టీ తాగుదామని దిగడం నా కొంప ముంచింది, లేదా తేల్చింది, ఇప్పటికీ తెలియదు. తాగి వచ్చేసరికి బస్సు లేదు. అక్కడున్న ఆటో అప్పారావు గారు, యాభై ఏళ్లుంటాయి, నా కాగితం మీద ఊళ్ల పేర్లు చదివి పెదవి విరిచారు. "అంత దూరం దేనికండీ? మా ఊళ్లో చేసేవాళ్లంతా కౌలుకే చేస్తున్నారు. మూడొందలు ఇవ్వండి, తిప్పి మళ్లీ ఇక్కడే దింపుతా." సరే అన్నాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను, మనుషుల పేర్లూ మార్చాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు ఊరి సచివాలయానికి వెళ్లాం. అక్కడి ఉద్యోగి కుర్చీ వేసి కూర్చోబెట్టి, రిజిస్టరు తీసి చూపించారు. కౌలు రైతుల పేజీ తెల్లగా ఉంది. ఒక్క పేరు లేదు.

"మా ఊళ్లో కౌలుదార్లు లేరండీ. అందరిదీ సొంత సాగే."

కిటికీలోంచి చూస్తే చేలనిండా మనుషులు. "మరి వాళ్లంతా ఎవరండీ?" అన్నాను.

"ఓనర్ల బంధువులండీ," అన్నారాయన, నవ్వకుండా.

ఊరంతా బంధువులా! ఎందుకైనా మంచిదని కార్డు ఫారాలు రెండు అడిగి బ్యాగులో పెట్టుకున్నాను. ఆ ఊళ్లో కార్డుల నమోదుకి ఎల్లుండే ఆఖరు రోజని గోడమీద కాగితం అంటించి ఉంది. దాని కిందే ఖాళీ రిజిస్టరు.

అప్పారావు గారు నన్ను కాలువ గట్టు మీదుగా ఒక నారుమడి దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ నాంచారయ్య, ఆయన భార్య తిరుపతమ్మ మడిలో నీళ్లు సరిచేస్తున్నారు. నేను నోరు తెరవకముందే నాంచారయ్య అందుకున్నాడు. "మాది కౌలు కాదండి. మా బాబాయి పొలం. ఆయన బెజవాడలో ఉంటారు."

"ఓరి నీ బడాయి కూలా! బాబాయేంట్రా?" అని అప్పారావు గారు పకపకా నవ్వారు. "మేడం ఆఫీసరు కాదు. కార్డుల కోసమే వచ్చింది, చెప్పుకో."

అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఆరెకరాలు, పద్నాలుగేళ్లుగా కౌలుకి చేస్తున్నారు. ఎవరొచ్చి అడిగినా బంధువునని చెప్పాలన్నది ఒప్పందం. ఇక్కడ అందరిదీ అదే ఒప్పందమట, పిల్లలకి కూడా నేర్పుతారట. పోయిన ఏడు కోసిన వరి వానకి మడిలోనే మొలకెత్తితే, పరిహారం ఓనరు ఖాతాలో పడింది. "ఆయన మంచోరేనండి. పడ్డ రోజే మొత్తం మాకు పంపించేశారు," అన్నాడు నాంచారయ్య. "సంతకం ఒక్కటే అడగొద్దంటారు."

తిరుపతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "మంచోరైతే ఏం లాభం? కార్డు లేకపోతే బ్యాంకోళ్లు గడప తొక్కనీయరు. ఎరువుల కొట్టాయన ఇంక అరువు ఇవ్వనన్నాడు. ఈ ఏడు కార్డు రాకపోతే వదిలేసి హైదరాబాదు పోయి ఏ అపార్ట్‌మెంటులోనో వాచ్‌మెన్‌గా చేరతాం. నారు పోసుకుని కూడా పోవాల్సొస్తదేమో."

నాకు ఆవేశం తన్నుకొచ్చింది. ఓనరు గారికి ఫోన్ కలపమన్నాను. కార్డు వల్ల హక్కు పోదని నేను చెబుతాను, ఆ మాట చెప్పడానికే కదా నేనున్నది! నాంచారయ్య భయపడుతూనే కలిపి స్పీకరు పెట్టాడు.

"ఏం నాంచారయ్యా, నారు పోశావా?"

ఆ గొంతు నాకు తెలుసు. ప్రతి శనివారం వినే గొంతు.

"పోశానండి. కార్డు గురించి మాట్లాడదామని విజయవాడ నుంచి ఒక మేడం వచ్చారండి."

"మేడమేంటయ్యా? ఎవరొచ్చినా బంధువునని చెప్పమన్నానుగా. ఒకసారి నీ పేరు రికార్డుల్లోకి ఎక్కాక రేపు నువ్వు పొలం దిగనంటే నేనేం చెయ్యాలి? మా తమ్ముళ్లు నన్ను బతకనిస్తారా? మన మధ్య మాట చాలదా?"

నా చేత మూడుసార్లు తిరగరాయించిన మనిషి! ఆ భయం ఉత్తదని వాక్యం వాక్యం పట్టుకుని నాకు నేర్పిన మనిషి! ఫోన్ పెట్టేయమని సైగ చేద్దామనుకున్నాను. కానీ నోరే ముందు పెగిలింది.

"సార్, నేను శ్రావణినండి."

నాంచారయ్య ఫోన్ నా వైపు జరిపాడు.

"నువ్వు అక్కడికెందుకు వెళ్లావమ్మా? నేనిచ్చిన లిస్టులో ఆ ఊరు లేదే."

"బస్సు తప్పిపోయిందండీ."

"నోటులో నా పేరు రాస్తావా?"

"పేరు అక్కర్లేదు సార్. సంతకం కావాలి. ఎల్లుండి ఆఖరు."

ఫోన్ కట్ అయింది. నాంచారయ్యకి ఏం జరిగిందో అర్థం కాలేదు, తిరుపతమ్మకి అర్థమైంది. "ఆయన మీ మేష్టారా? అయితే అయిపోయింది. నువ్వొచ్చి పోతావమ్మా. ఆయన కోపమొచ్చి పొలం తీసేసుకుంటే మేమేం కావాలి?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లకి మేలు చేద్దామని పోయి ఉన్నదీ ఊడగొట్టానేమో అన్న భయం పట్టుకుంది. అయినా ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చి పంపింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి చల్లపల్లిలో బస్సెక్కాను. అన్నం సయించలేదు. పామర్రు దాటుతుండగా ఎందుకు తోచిందో తోచింది, అమ్మకి ఫోన్ చేశాను. ఉయ్యూరు దగ్గర మాకు రెండెకరాలుంది. నాకు తెలిసింది అంతే.

"అమ్మా, మన పొలం ఎవరు చేస్తున్నారు?"

"మస్తానయ్య చేస్తున్నాడుగా, నీ చిన్నప్పట్నుంచీ. ఏం?"

"అతనికి కార్డుకి నాన్న సంతకం పెట్టారా?"

"నీకేమన్నా పిచ్చా? సంతకం పెడితే పొలం ఉంటుందా? ఆ కౌలుతోనే నీ హాస్టలు ఫీజులు కట్టాం, తెలుసా? మీ నాన్న దగ్గర ఈ మాట ఎత్తకు తల్లీ."

బస్సు కిటికీకి తల ఆనించి కూర్చుండిపోయాను. బండావిడ సరిగ్గానే చెప్పింది, నేనే తెలివితక్కువదాన్ని. ఓనర్లంటే ఎవరో అనుకుని ఇన్నాళ్లూ వాళ్ల మీద నోటు రాశాను.

సాయంత్రం ఏడింటికి సాంబశివరావు గారే ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గిపోయింది. "రేపు ఆరుంబావు బస్సుకి వెళ్తున్నా. తమ్ముళ్లు ఒప్పుకోలేదు, నా వాటా రెండెకరాలకి పెడతాను." ఆ వెంటనే, "అమ్మా, ఆ ఫారం ఎలా ఉంటుంది? నేనెప్పుడూ చూడలేదు," అన్నారు.

సంతకం అయింది. ఆ ఊరి రిజిస్టరులో మొదటి కౌలు రైతు నాంచారయ్య. రెండెకరాలకైనా బ్యాంకుకి వెళ్లొచ్చని తిరుపతమ్మ అప్పారావు గారి ఫోన్ నుంచి చెప్పింది, హైదరాబాదు మాట ఎత్తలేదు. మిగతా నాలుగెకరాలు ఇంకా బాబాయి పొలమే. శనివారం మళ్లీ అదే వరండాలో కూర్చున్నాం. ఆయన నా నోటు తీసి, "తెలియకే ఓనర్లు భయపడుతున్నారు" అన్న వాక్యాన్ని స్వయంగా కొట్టేసి, "తెలిసీ సంతకం పెట్టడం లేదు" అని రాశారు. మెంటరంటే అన్నీ సరిగ్గా చేసినవాడు అనుకునేదాన్ని. ఇంత కోపంలోనూ ఆయన దగ్గరే నేర్చుకోవాలనిపిస్తోంది, అదే నాకు ఆశ్చర్యం.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా. సచివాలయంలో ఫారం అడిగేటప్పుడు రెండు అడిగి తెచ్చుకోండి, రెండోది మీ ఇంట్లోకి పనికొస్తుంది. నా రెండోది వారం రోజులుగా బ్యాగులోనే ఉంది, ఉయ్యూరు వైపు గడువు ఇంకా ఉంది. మా మెంటర్‌ని అడగడానికి ఒక్క క్షణం పట్టింది, మా నాన్నని అడగడానికి ఇంకా నోరు రావడం లేదు.