ప్రాంప్టర్ జానకిరామయ్య పవర్

ఫిల్మ్‌నగర్‌లో పవర్ అన్న మాటకున్న గిరాకీ ఇంకే మాటకూ లేదు. కరెంటు పోతే పవర్ పోయిందంటారు. ప్రభుత్వం మారినా పవర్ పోయిందనే అంటారు, కాకపోతే అప్పుడు చీకటి పడే ఇళ్ళు వేరు. సినిమా రిలీజుకు ముందు గుళ్ళో స్వామి మహా పవర్‌ఫుల్ అని ప్రదక్షిణాలు చేసిన నిర్మాతే, రెండో ఆటకు జనం పలచబడగానే ఆయన పవర్ మీద అనుమానం వ్యక్తం చేస్తాడు. ఇక హీరో గారి ఎంట్రీ, చూపు, చెప్పులు అన్నీ పవర్‌ఫుల్లే. పవర్ లేనిది ఏదైనా ఉంటే అది కథ ఒక్కటే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

జానకిరామయ్యకు మాత్రం అరవై దాటేదాకా ఈ మాటతో పని పడలేదు. ఆయన ప్రాంప్టర్. కెమెరా పక్కన, ఫ్రేములో తన నీడ కూడా పడకుండా వంగి నిలబడి, డైలాగును ముక్కలు ముక్కలుగా అందిస్తాడు. హీరో ఆ ముక్కలను గర్జనలుగా మార్చి లోకం మీదికి వదులుతాడు. ఎలాగూ తర్వాత డబ్బింగు చెప్పుకుంటారు కాబట్టి జానకిరామయ్య గొంతు ఏ సినిమాలోనూ మిగలదు. గుడివాడ నుంచి నటుడవుదామని వచ్చిన మనిషికి ముప్ఫై ఏళ్ళుగా దొరికిన వేషం ఇదే.

అందులో పదిహేనేళ్ళు వోల్టేజ్ స్టార్ వేదాంత్ బాబు దగ్గరే గడిచాయి. డైలాగు ముందే చదివితే ఫ్రెష్‌నెస్ పోతుందని ఆ బాబు సిద్ధాంతం. అందుకని ఆయన చదవడు. చెవిలో పడ్డ మాట నేరుగా నోట్లోంచి వచ్చేస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. దీన్ని ఏకాగ్రత అని అభిమానులు అంటారు.

నిరుడు జానకిరామయ్యకు అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. షేక్‌పేటలో కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళి నాలుగుసార్లు పవర్ మార్పించుకున్నాడు. అయిదోసారి కొట్టాయన అద్దాలు పక్కన పెట్టేశాడు.

"పెద్దాయనా, గిది అద్దాల పవర్‌తోని అయ్యే పని కాదు. రెండు కండ్లకు పొర వచ్చింది. జర జల్ది ఆపరేషన్ చేపిచ్చుకో."

రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి అంటే నెల రోజులు ఇంట్లో కూర్చోవాలి. నెల రోజులు కనపడని మనిషిని ఇండస్ట్రీ వెతకదు, ఆయన నిలబడ్డ చోట ఇంకొకణ్ణి నిలబెడుతుంది. అందుకని జానకిరామయ్య ఆపరేషన్ మాట దాచాడు. వెంగళరావు నగర్‌లోని వాటాలో రోజూ సాయంత్రం భార్య శాంత దొండకాయలు తరుగుతూ మర్నాటి సీను చదివి వినిపించేది. ఆయన బట్టీ పట్టేవాడు. విలన్ తలలు నరుకుతానని చెప్పే చోట ఆవిడ, "ఏమండీ, ఇది నిదానంగా చదవనా?" అని అడిగేది.

ఎనిమిది నెలలు ఈ ఏర్పాటు నిక్షేపంగా సాగింది. తొమ్మిదో నెలలో వేదాంత్ బాబుకు అనుమానం వచ్చింది.

జూబ్లీహిల్స్‌లో అద్దెకు తీసుకున్న బంగళాలో షూటింగ్. విలన్ మంత్రి. కుర్చీలో కూర్చుని పవర్ అంటే ఏమిటో హీరోకు పేజీన్నర సేపు వివరిస్తాడు. హీరో నవ్వి, రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాడు. ఆ రెండు ముక్కలూ జానకిరామయ్యకు కంఠతా వచ్చు.

రిహార్సల్ చూసిన వేదాంత్ బాబు అన్నాడు: "పవర్ గురించి అంతా వాడే చెప్పేస్తే ఇంక నా దగ్గరేముంటుంది?"

ఆ ప్రశ్నకు రైటర్ రాఘవేంద్ర అరగంటలో పేజీ నిండా జవాబు రాశాడు. అది ప్రింటై, వేడివేడిగా, చీమల బారులాంటి అక్షరాలతో జానకిరామయ్య చేతికొచ్చింది. చదివిపెట్టమని ఎవరినైనా అడగొచ్చు. అడిగితే ఎందుకని అడుగుతారు. ఆయన నోరు తెరిచేలోగా "సైలెన్స్" అన్నారు, పెద్ద ఫ్యాను తిరిగింది, డైరెక్టర్ సూర్యతేజ "యాక్షన్" అన్నాడు.

విలన్ తన పేజీన్నర ముగించాడు. వేదాంత్ బాబు కళ్ళు ఎర్రజేసి, చెవి ఇటు పారేసి ఎదురుచూస్తున్నాడు. జానకిరామయ్య కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టి చూశాడు. చివరికి చిన్నగా విన్నవించుకున్నాడు.

"అక్షరాలు కనపడటం లేదు బాబూ."

"అక్షరాలు... కనపడటం లేదు బాబూ!" అని గర్జించాడు వేదాంత్, మంత్రి ముఖంలో ముఖం పెట్టి.

జానకిరామయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. "అది కాదు బాబూ, అది నా మాట."

"అది కాదు బాబూ! అది నా మాట!" బాబు తొడ కూడా కొట్టాడు.

కట్ చెప్పే హక్కు డైరెక్టర్‌ది. ఆయన చెప్పలేదు, హీరో ఆవేశంలో ఉండగా చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఇక దాగేదేముంది, నూటయాభై మంది ముందు బయటపడిపోయింది అనుకున్నాడు జానకిరామయ్య. మిగతాది కూడా చెప్పేసుకున్నాడు. రెండు కళ్ళకీ పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకుంటాను. నెల రోజులు ఓపిక పట్టండి. పని నుంచి తీసెయ్యొద్దు.

వేదాంత్ బాబు ఒక్క ముక్క వదల్లేదు. "పని నుంచి తీసెయ్యొద్దు!" అన్నప్పుడు ఆయన మెడనరాలు పొంగాయి, మంత్రి కుర్చీ ఒక్క తన్నుతో గోడకు పోయి పడింది.

అప్పుడు అన్నాడు సూర్యతేజ, "కట్" అని. రెండు క్షణాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పే పవర్ మాత్రం అక్కడ ఎవరికీ లేదు. ముందుగా ప్రొడక్షన్ మేనేజర్ వరప్రసాద్ చప్పట్లు కొట్టాడు, తర్వాత బంగళా దద్దరిల్లింది. రాఘవేంద్ర కళ్ళు తుడుచుకుని, పొర అంటే ప్రజల కళ్ళకు కమ్మిన పొర అని, రాసేటప్పుడే తన ఒళ్ళు జలదరించిందని సూర్యతేజకు వివరించాడు. డైలాగు అలాగే ఉంచుదామన్నారు. వేదాంత్ బాబు కారవాన్ ఎక్కుతూ, తను ఏం చెప్పాడని అసిస్టెంటును అడిగాడు.

ఆ మాటలు ఎవరివో ఎవరూ అడగలేదు. ఇంటికి వెళ్ళి చెబితే శాంత నవ్వలేదు.

"అంతమంది చప్పట్లు కొట్టారుగా. రేపు వెళ్ళి మీ నోటితో మీరే అడగండి. ఇంకా ఆలస్యం చేస్తే నేను చదివినా మీకు దారి కనపడదు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే శ్రీనగర్ కాలనీలోని ఆఫీసుకు వెళ్ళాడు. వరప్రసాద్ ఇడ్లీ తింటున్నాడు. జానకిరామయ్య దారిపొడవునా కొత్త మాటలు వెతుక్కున్నాడు గానీ, తీరా ఎదురుగా నిలబడేసరికి ఉన్నవే వచ్చాయి.

"అక్షరాలు కనపడటం లేదు బాబూ. రెండు కళ్ళకీ పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకుంటాను. నెల రోజులు ఓపిక పట్టండి. పని నుంచి తీసెయ్యొద్దు."

వరప్రసాద్ పొలమారేలా నవ్వాడు.

"భలే గుర్తుపెట్టుకున్నారండీ జానకిరామయ్య గారూ! ఒక్క అక్షరం పొల్లుపోలేదు. కానీ ఏమీ అనుకోకండి, నిన్న బాబు గారు చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. మీరు చెబితే పవర్ లేదండీ."

చెయ్యి తుడుచుకుని బల్ల మీది కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. "మధ్యాహ్నం సీను మారింది. ఒకసారి చూసుకోండి."

జానకిరామయ్య కాగితం అందుకుని చూశాడు. అది ఆయనకు తెల్లగా కనిపించింది.