వెన్ను చూపితే ఒక దెబ్బ

కల్లూరులో నా అద్దె గదికి కడప బండల నేల. ఆ నల్ల బండల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, సీసా మూతల్ని వీరులుగా, చింతపిక్కల్ని శత్రువులుగా పెట్టి ఆదివారం మధ్యాహ్నాలు యుద్ధాలు చేసేవాళ్ళం. కథ నేను చెబుతాను. తక్కినవాళ్ళు అందులో మనుషులై తిరుగుతారు, కొట్లాట వస్తే పాచికలు వేస్తారు. పేచీ వస్తే తీర్పు నాదే. మొదట్లో నలుగురం. ఇద్దరు బెంగళూరు వెళ్ళిపోయాక నేనూ, ఇక్కడి పైపుల ఫ్యాక్టరీలో పనిచేసే మైదుకూరు మిత్రుడూ మిగిలాం.

అతనితో వేగడం నా వల్ల అయ్యేది కాదు. మధ్యలో గోడ ఉందనేవాడు, డాలు అడ్డం పెట్టాననేవాడు, ప్రతి దెబ్బకూ వకీలులా లేచేవాడు. నిజం చెప్పాలంటే వారమంతా నాతో అంతసేపు మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు. ఆ పేచీల కోసమే ఆదివారం దాకా నెట్టుకొచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం వచ్చీ రాగానే, ఊళ్ళో నాన్న విత్తనాల అంగడి చూసుకోవడానికి ఉద్యోగం మానేశానన్నాడు. "ఈలైనప్పుడు వస్తాలేప్పా" అన్నాడు. నమ్మాను.

ఆ రోజు ఆటలో అతని వీరుడు గుహలో రాక్షసుడికి చిక్కాడు. ఇంకొక్క దెబ్బ తగిలితే పోతాడు. పారిపోతానన్నాడు. రూలు ప్రకారం పక్కనున్న శత్రువుకు వెన్ను చూపి పరిగెత్తితే ఆ శత్రువు ఉచితంగా ఒక దెబ్బ కొట్టొచ్చు. కానీ కాగడా ఆరిపోయి ఉంది. కనపడని మనిషి మీద ఆ దెబ్బ చెల్లదని కూడా ఆట రూల్స్ పుస్తకంలో ఉంది. వీరుడు బతికితే కథ ఉంటుంది, కథ ఉంటే ఇతను మళ్ళీ వస్తాడు. "దెబ్బ లేదు, పో" అన్నాను.

"అదెట్లప్పా? కండ్లు కనపడకుంటే చెవులు లేవా వానికి? ఇనుప కవచమేసుకోని ఉరుకుతాండా. సప్పుడు ఇనపడదా? కొట్టు."

తనకు వ్యతిరేకంగా అతను వాదించడం అదే మొదటిసారి. నేను కదలకపోయేసరికి, రాక్షసుడి తరఫున పాచిక తనే వేశాడు. తగిలింది. తన సీసా మూతను వెల్లకిలా తిప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. "కావాలనే చంపుకున్నావు కదా?" అన్నాను.

"వాడు బతికుంటే నువ్వు ప్రతి ఆదివారం నాకోసం సూస్తా కూసుంటావు. నేను రాలేనప్పా" అన్నాడు చెప్పులేసుకుంటూ.

వీరుడు చచ్చాడు గానీ, ఆదివారం మధ్యాహ్నం తలుపు తీసిపెట్టుకుని కూర్చోవడం మాత్రం నేను మానలేకపోయాను.